గాదంకి ఆకాశమున లేచు బుడగలు

(లక్ష్మీనగరునందలి తెలుగు కుటుంబముల సాయంకాల సమావేశమున చదువబడిన ఉపన్యాసపాఠము)



కార్యాలయములు విడిచిన పిమ్మట ఐ.టి.ఓ. వంతెనమీదుగా యమునను దాటి, వికాస్ మార్గమున లక్ష్మీనగరు చేరువారికి ఒక విషయము అనుభవపూర్వకముగా తెలియును. బండ్లు బారులు తీరి సాగుచుండగా ముందరివాడొకడు ఏ కారణమును లేకయే ఒకింత వేగము తగ్గించును. వెనుకవాడు జంకి అంతకంటె కొంచెము హెచ్చుగా తగ్గించును. అతని వెనుకవాడు ఇంకను హెచ్చుగా తగ్గించును. ఈ విధముగా వెనుకకు ప్రాకిన జంకు పెరిగి పెరిగి, అరమైలు దూరముననున్న బస్సును పూర్తిగా నిలిపివేయును. ప్రమాదమేదియు జరుగలేదు. త్రోవకు అడ్డమేదియు లేదు. అయినను రాకపోకలు స్తంభించినవి. ఆదివారము ఉదయమున బండ్లు పలుచగానున్న వేళ అదే జంకు ఎవ్వరి కంటను పడక సర్దుకొనిపోవును.

చిన్న కదలిక తనంతట తానే అణగిపోవునా, తనంతట తానే పెరుగునా? అణగిపోయిన స్థిరత్వమందురు, పెరిగిన అస్థిరత్వమందురు. పెరిగిన కదలికలు ఒండొంటితో పెనగులాడి, ఏ లెక్కకును సులభముగా లొంగని చిందరవందర స్థితికి వచ్చినచో దానిని కల్లోలమందురు. వరదకాలమున గోదావరిని చూచినవారికి కల్లోలమును వర్ణించి చెప్పవలసిన పనిలేదు. పెద్ద సుడినుండి చిన్న సుడులు, వానినుండి మరింత చిన్న సుడులు పుట్టి, తుదకు నీటి జిగటలో అవి కరగిపోవును.

నేటి ప్రసంగమునకు విషయము ఇట్టి అస్థిరత్వమే, ఇట్టి కల్లోలమే. అయితే ఇది వికాస్ మార్గమునను గోదావరిలోను గాక, నేలకు వంద కిలోమీటర్లు మొదలు వేయి కిలోమీటర్లకు పైబడిన ఎత్తున, సూర్యాస్తమయానంతరము ఆకాశమున జరుగునట్టిది. దానిని కనిపెట్టి చూచుటకు మన దేశముననున్న ముఖ్యస్థానములలో ఒకటి తెలుగునాటనే యున్నది. తిరుపతినుండి చిత్తూరు పోవు త్రోవలో, కొండల నడుమనున్న గాదంకి యను పల్లె అది.

మొదట ఆ ఆకాశములో నున్న వస్తువేమో తెలిసికొనవలెను. మంచుగడ్డను కాచిన నీరగును; నీటిని కాచిన ఆవిరియగును. వాయువును ఇంకను కాచినను, తీవ్రమైన కిరణములు దానిపై పడినను, పరమాణువులనుండి ఎలక్ట్రానులు ఊడిపోవును. ఊడిన ఎలక్ట్రానులు ఋణవిద్యుత్తు కలవి. మిగిలిన అయానులు ధనవిద్యుత్తు కలవి. ఈ రెండును కలగలసియున్న వాయువునకు 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ప్లాస్మా యని పేరుపెట్టెను. సూర్యుడు ప్లాస్మా, నక్షత్రములు ప్లాస్మా, మెరుపుతీగ ప్లాస్మా. సూర్యుని అతినీలలోహిత కిరణములచేత, ఎక్సు కిరణములచేత భూమి పైవాతావరణమున ఏర్పడిన పలుచని ప్లాస్మా పొరలకు అయనావరణమని పేరు.

ఈ పొరలు పెద్దలకు క్రొత్తవికావు. రేడియో పెట్టె ఇంటికి అలంకారముగానున్న దినములలో రాత్రివేళ దూరదేశపు కేంద్రములు వినవచ్చుటయు, పాట నడుమ స్వరము ఉబ్బుటయు, కుంగుటయు వారికి జ్ఞాపకముండును. హ్రస్వతరంగములు అయనావరణమున తగిలి నేలకు మరలివచ్చుటచేతనే సిలోను రేడియో మన ఇండ్లలో మ్రోగినది. స్వరము తడబడుటకు కారణములు పెక్కు. ఆ పైపొరలు నున్నని అద్దమువలెగాక గరుకుగానుండుటయు, ఆ గరుకు కదలుచుండుటయు అందొకటి. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1950 దశకమున ప్రొఫెసరు బి. రామచంద్రరావుగారును, వారి శిష్యులును ఈ కదలికనే కొలిచిరి. కొంత ఎడముగా మూడు రిసీవర్లను నిలిపి, స్వరము కుంగుట మొదట దేనిలో కనబడినది, పిదప దేనిలో కనబడినది అని సరిపోల్చి, ఆకాశపు గరుకు ఏ దిక్కునకు ఏ వేగమున జరుగుచున్నదో లెక్కగట్టిరి. అదే కాలమున ఢిల్లీయందలి జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఏ.పి. మిత్రాగారు రేడియో తరంగముల ప్రసారమును గూర్చిన పరిశోధనకు పునాదులు వేసిరి. కావున ఈ శాస్త్రమునకు వాల్తేరులోను, ఢిల్లీలోను పాతబంధుత్వమే కలదు.

ఇక అయస్కాంతము మాట. భూమి ఒక పెద్ద అయస్కాంతమని బడిపిల్లలు ఎరుగుదురు. దాని బలరేఖలు దక్షిణమున లేచి, ఆకాశమున విల్లువలె వంగి, ఉత్తరమున దిగును. విద్యుత్తు కలిగిన కణము ఈ రేఖ చుట్టును గిరగిర తిరుగుచు, రేఖ వెంబడి అటునిటు స్వేచ్ఛగా జారగలదు. రేఖను అడ్డముగా దాటుట మాత్రము దానికి దుర్లభము. దారమున గ్రుచ్చిన పూసవంటిది దాని బ్రతుకు. మామూలు గాలికి ఏ దిక్కైనను ఒక్కటే. అయస్కాంత క్షేత్రమునందలి ప్లాస్మాకు దారము వెంట ఒక ధర్మము, దారమునకడ్డముగా ఇంకొక ధర్మము. అందుచేతనే దాని అస్థిరత్వములు నీటిలో, గాలిలో కనబడువానికంటె ఎక్కువ రకములుగానుండును.

భూమి నడికట్టున ఈ దారములు దాదాపు నేలకు సమాంతరముగా పరచియుండు చోటు ఒకటి కలదు. దానిని అయస్కాంత భూమధ్యరేఖ యందురు. భూగోళపటమునందలి భూమధ్యరేఖకును, దానికిని భేదము కలదు. మన దేశమున అది దక్షిణపు కొనకు చేరువగా పోవును. తిరువనంతపురమునొద్దనున్న తుంబా దానికి సమీపముననున్నందుననే మన తొలి రాకెట్ కేంద్రమునకు ఆ మత్స్యకారుల పల్లెను ఎన్నుకొనిరి. 1963 నవంబరు 21వ తేదీన అక్కడినుండి మొదటి రాకెట్టు లేచినది. తుంబాకు పైన సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున పగటివేళ పడమటినుండి తూర్పునకు ఒక సన్నని విద్యుద్ధార పారుచుండును. దీనికి సిడ్నీ చాప్‌మన్ 1951లో ఎలక్ట్రోజెట్ అని పేరిడెను. అందు ఎలక్ట్రానులు అయానులను విడిచి అతివేగమున పరుగిడును. ఆ వేగము ఒక హద్దు దాటినంతనే ధారలో సన్నని అలలు తమంతట తామే పుట్టును. దీనిని 1963లోనే ఫార్లే, బూనెమన్ అను ఇరువురు వేర్వేరుగా నిరూపించిరి. తుంబా రాకెట్లలో పంపిన సాధనములతో అహమ్మదాబాదు భౌతిక పరిశోధనాలయమువారు ఆ ధారలోని గరుకును స్వయముగా తాకి చూచిరి.

పగటి కథ ఇది. రాత్రి కథ ఇంతకంటె రసవత్తరమైనది.

ఆవకాయ జాడీలో నూనె పైకి తేలియుండును. నూనె తేలిక, అడుగుననున్నది బరువు. ఆ జాడీ యెంత కదలినను కొంతసేపటికి నూనె మరల పైకే చేరును. అది స్థిరమైన అమరిక. బరువైనది పైనను, తేలికైనది క్రిందను ఉన్నచో ఏమగును? నీటితో నిండిన గ్లాసుపై అట్టముక్క నుంచి తలక్రిందులు చేసిన, గాలి ఒత్తిడిచేత నీరు నిలుచును. అట్ట తీసివేసినంతనే నీరు కారిపోవును. గాలి ఒత్తిడి అప్పుడును ఉన్నది; అది తగ్గలేదు. మరి నీరెందులకు పడినది? అట్ట యున్నంతవరకు నీటిముఖము చదునుగానుండెను. అట్ట పోగానే అతిస్వల్పమైన ముడుత యొకటి పుట్టి, నీరు క్రుంగిన చోట ఇంకను క్రుంగి, గాలి లేచిన చోట ఇంకను లేచి, రెండును చోట్లు మార్చుకొనినవి. దీనిని 1883లో లార్డ్ రేలీయును, 1950లో జి.ఐ. టెయిలరును గణితముచేత వివరించినందున వారిరువురి పేరిట రేలీ–టెయిలర్ అస్థిరత్వమని వ్యవహరింతురు.

సూర్యాస్తమయమైన పిమ్మట అయస్కాంత భూమధ్యరేఖపై సరిగా ఈ తలక్రిందుల గ్లాసే సిద్ధమగుచున్నది. పగలు క్రిందిపొరయందును, పైపొరయందును ప్లాస్మా కలదు. ప్రొద్దు గ్రుంకగానే క్రిందిపొరలోని అయానులును, ఎలక్ట్రానులును త్వరగా కలిసిపోయి ఆ పొర సన్నగిల్లును. పైపొర, అనగా 250 కిలోమీటర్లకు పైనున్నది, అంత త్వరగా తరుగదు. పైగా సంధ్యవేళ తూర్పుముఖముగానున్న విద్యుత్ క్షేత్రము కొంతసేపు హఠాత్తుగా బలపడి, ఆ పైపొరను ఇంకను పైకెత్తును. క్రింద దాదాపు శూన్యము. పైన దట్టమైన ప్లాస్మా. రెంటి నడుమ నిటారైన అంచు. అట్ట తీసిన గ్లాసునకును, దీనికిని భేదము కొంచెమే.

అయినను ఇచట పూసలు దారములను దాటలేవని చెప్పుకొంటిమి. మరి బరువు క్రిందికెట్లు దిగును? ఇందలి చమత్కారము గమనింపదగినది. భూమ్యాకర్షణ అయానులను క్రిందికి లాగబోవును. అయస్కాంత క్షేత్రము వానిని ప్రక్కకు, అనగా తూర్పునకు, మళ్లించును. ఎలక్ట్రానులు అతితేలిక గనుక వానికి ఈ మళ్లింపు లెక్కలోనికి రాదు. అంచున ఒక ముడుత పుట్టి, పలుచని భాగము కొంచెము పైకి పొడుచుకొని వచ్చినదనుకొందము. దట్టమైన ప్రాంతమున తూర్పునకు జరుగు అయానులు ఎక్కువ; పలుచని దానిలో తక్కువ. కావున ఆ పలుచని భాగపు పడమటి గోడయొద్ద ధనవిద్యుత్తును, తూర్పుగోడయొద్ద ఋణవిద్యుత్తును పోగుపడును. రెంటి నడుమ తూర్పునకు ఒక విద్యుత్ క్షేత్రమేర్పడును. ఆ విద్యుత్ క్షేత్రమును, ఉత్తరమునకు పోవు అయస్కాంత క్షేత్రమును కలసి పలుచని భాగమును పైకి నెట్టును. పైకి పోయినకొలది గోడలయొద్ద విద్యుత్తు పెరుగును. విద్యుత్తు పెరిగినకొలది అది ఇంకను పైకి పోవును. వడ్డీకి వడ్డీ పెరిగినట్లు పదియిరువది నిమిషములలోనే ముడుత బుడగయగును. నీటిలో గాలిబుడగవలె ఈ పలుచని ప్లాస్మా బుడగ దట్టమైన పొరను చీల్చుకొని, సెకనుకు వంద మీటర్లును, ఒక్కొకప్పుడు అంతకు పలురెట్లును వేగముతో పైకి లేచును.

ఈ గరుకు ఉనికిని మొదట 1938లో బుకర్, వెల్స్ అనువారు దక్షిణ అమెరికా పెరూ దేశమునందలి హువాన్‌కాయో కేంద్రమున పసిగట్టిరి. ఆకాశమునకు పంపిన రేడియో తరంగము ఒక్క స్పష్టమైన గీతగా మరలి రావలసినది. చెరిగిన ముగ్గువలె వెడల్పుగా మరలివచ్చెను. దానిని విరిసిన పొర యనిరి. అందులకు రేలీ–టెయిలర్ అస్థిరత్వమే కారణము కావచ్చునని 1956లో డంగీ సూచించెను. అస్థిరత్వము పొర అడుగు అంచునగదా పుట్టును, గరుకు పొర పైభాగమునకెట్లు వచ్చినది అను శంక మాత్రము ఇరువది యేండ్లు తీరలేదు. 1976లో వుడ్‌మన్, లా హోజ్ అను వారు పెరూలోని హికమార్కా రాడారుతో తీసిన చిత్రములు శంకను తీర్చినవి. అడుగున పుట్టి, పైకంటుకొనిన పొగకుచ్చులవలె నిలువుగా లేచిన ఆకారములు అందు కనబడినవి. బుడగ నడచిన జాడయే ఆ కుచ్చు.

పెరూలో కనబడినది భారతదేశమున కనబడుట ఎట్లు? ఆ పని గాదంకికి దక్కినది.

గాదంకి రాడారు ఉద్దేశము మొదట ఇది కాదు. నేలనుండి సుమారు నూరు కిలోమీటర్ల వరకు గల వాతావరణపు మూడు అంతస్తులలో గాలుల నడకను, వాని కల్లోలమును కొలుచుటకు దానిని నిర్మించిరి. ఆ మూడంతస్తుల ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరములనుబట్టి దానిని ఎం.ఎస్.టి. రాడారు అందురు. కేంద్రప్రభుత్వమునందలి పెక్కు శాఖలు ఖర్చును పంచుకొనినవి. సమీర్ అను ప్రభుత్వ సంస్థ దానిని స్వదేశముననే నిర్మించినది. అన్ని శాఖల దస్త్రములు ఒక్క పల్లెయొద్ద కలిసికొనుట ఎంతటి సంగతియో సచివాలయ ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1990 దశకపు తొలి సంవత్సరములలో రాడారు పనికి వచ్చెను. ఆ పరిశోధనశాల నేడు అంతరిక్ష శాఖక్రింద జాతీయ వాతావరణ పరిశోధనశాలగా వ్యవహరింపబడుచున్నది.

చూపరులకు అది రాడారువలె కనబడదు. తిరుగు పళ్ళెము లేదు, గోపురము లేదు. ఇండ్లపై పూర్వము టెలివిజను కొరకు నిలిపిన ఏంటెన్నాలవంటివి 1,024, వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా, ఒక చదునైన పొలమున నాటియుండును. చదరపు మడివంటి ఆ స్థలము ప్రక్కకు 130 మీటర్లు. అన్నిటికిని కలిపి క్షణకాలము పంపు శక్తి 25 లక్షల వాట్లు. ఒక్కొక్క వరుసకు పంపు తరంగమును ఒకింత ముందువెనుకలుగా పంపినచో, ఏ ఏంటెన్నాయు కదలకయే కిరణము కావలసిన ప్రక్కకు వంగును.

రాడారు పంపు తరంగము 53 మెగాహెర్ట్జులది. దాని నిడివి సుమారు 5.7 మీటర్లు. అట్టి తరంగము ఆకాశమున అందులో సగము, అనగా 2.8 మీటర్ల ఎడముతోనున్న గరుకునుండి బలముగా మరలివచ్చును. ఆ గరుకు దారముల వెంబడి సాగియుండును గనుక, కిరణము దారములకు లంబముగా తగిలిననే ప్రతిధ్వని వినబడును. గాదంకియొద్ద బలరేఖలు సమతలమునకు సుమారు 13 డిగ్రీలు వాలియుండును. కావున రాడారు కిరణమును నడినెత్తినుండి అంతే మేరకు ఉత్తరమునకు వంచవలెను. ఇట్లు వంచి చూచినంతనే సంధ్యానంతరము పొగకుచ్చులు కనబడినవి. గాదంకి రాడారు నిర్మాణమును పి.బి. రావుగారు ప్రభృతులును, ఆ రాడారుతో విరిసిన పొరను తొలిసారి చూచిన వివరములను ఏ.కె. పాత్రా ప్రభృతులును 1995లో ‘రేడియో సైన్స్’ పత్రికయందు ప్రకటించిరి. గాలులకొరకు కట్టిన ఇంటిలో ప్లాస్మాకు చోటు దొరకినది. పిదప అయనావరణమునకే ప్రత్యేకించిన 30 మెగాహెర్ట్జుల రాడారు నొకదానిని కూడ అచటనే నెలకొల్పిరి.

వంద కిలోమీటర్ల బుడగయందు మూడు మీటర్ల గరుకు ఎట్లు వచ్చినది? గోదావరి సుడులే దానికి సమాధానము. బుడగ గోడలు నిటారుగానున్నందున వానిపై మరల చిన్న అస్థిరత్వములు పుట్టును. వానిపై ఇంకను చిన్నవి. చల్ల చిలుకునపుడు కవ్వము తిరుగుట పెద్ద చుట్టుగానే యైనను, వెన్న సన్నని పూసలుగానే తేలును. ఒక్క బుడగలోనే వంద కిలోమీటర్లనుండి మీటరు వరకు అన్ని కొలతల గరుకును ఉండును. వేర్వేరు సాధనములు వేర్వేరు కొలతలను చూచును. రాడారునకు మూడు మీటర్లది కనబడిన, దారిచూపు ఉపగ్రహముల తరంగములను మూడు నాలుగు వందల మీటర్ల గరుకు ఎక్కువగా బాధించును. నక్షత్రము మినుకుమినుకుమన్నట్లు ఉపగ్రహపు సంకేతము మినుకుమనును. మినుకు తీవ్రమైనచో రిసీవరు ఆ ఉపగ్రహమును కోల్పోవును.

ఇక్కడ ఒక అపోహను తొలగింపవలెను. లక్ష్మీనగరు గల్లీలలో చేతిఫోను దారి తప్పించి, పక్కవీధిలో నిలుచున్నట్లు చూపుట పలువురకు అనుభవమే. అది ఆకాశపు దోషము కాదు. ఇరుకు సందులలో ఎత్తైన గోడలకు తగిలి సంకేతము చుట్టుత్రోవన వచ్చుటయే దానికి కారణము. ప్లాస్మా బుడగలను నిందింపవలసిన సందర్భములు వేరు.

వానిలో ముఖ్యమైనది విమానములది. అంతరిక్ష సంస్థయు, విమానాశ్రయముల ప్రాధికార సంస్థయు కలిసి గగన్ అను సహాయవ్యవస్థను నెలకొల్పినవి. ఉపగ్రహముల సంకేతములలోని పొరపాట్లను నేలమీది కేంద్రములలో కొలిచి, సవరణలను మరల ఉపగ్రహముద్వారా విమానమునకు పంపుట దాని పని. దానికి 2013లో మార్గనిర్దేశమునకును, 2015లో ఎత్తునుకూడ చూపి నేలకు దింపుటకును ధ్రువపత్రము లభించినది. 2022 ఏప్రిల్‌లో రాజస్థానమునందలి కిషన్‌గఢ్ విమానాశ్రయమున ఒక ప్రయాణికుల సంస్థ విమానము ఈ సహాయముతో దిగినది. ఖరీదైన యంత్రములు నాటనక్కరలేకుండ చిన్న ఊళ్ల విమానాశ్రయములకు ఇది మేలుచేయగలదు.

ఈ సవరణలో అన్నిటికంటె కఠినమైన భాగము అయనావరణము. సంకేతము ప్లాస్మాలో నడచునపుడు ఆలస్యమగును. ఆలస్యము ఎంతయో తెలిసిననే దూరము తెలియును. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో ఈ పొర సాధారణముగా నెమ్మదిగా మారును. భారతదేశము అట్లు కాదు. అయస్కాంత భూమధ్యరేఖపై లేచిన ప్లాస్మా దారముల వెంబడి ఇరుప్రక్కలకు జారి, మధ్యభారతపు నెత్తిన గుట్టవలె పోగుపడును. దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రతి రెండుమూడు వందల మైళ్లకును లెక్క మారును. గగన్ కొరకు దేశమంతట నెలకొల్పిన 18 కేంద్రముల కొలతలను ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన పి.వి.ఎస్. రామారావుగారు ప్రభృతులు పరిశీలించి, 2006లో ఈ హెచ్చుతగ్గులను వివరముగా ప్రకటించిరి. వాల్తేరులో మూడు రిసీవర్లతో మొదలైన పని ఇట్లు విమానమార్గముల వరకు సాగివచ్చినది.

గుట్టను పటముగా గీయవచ్చును. బుడగను గీయుట కష్టము. సవరణల పటము గడులుగా, గడికి 5 డిగ్రీల చొప్పున గీయబడును. బుడగ గోడ గడినడుమ నిలువునా లేచిన, పటమునకు అది తెలియకపోవచ్చును. తెలియని తప్పు తెలిసిన తప్పుకంటె ప్రమాదకరము. అందుచేత వ్యవస్థకు ఒక నియమము కలదు. సంకేతమును నమ్మవలదను సందేహము కలిగిన కొలది సెకనులలోనే విమానమునకు హెచ్చరిక చేరవలెను. అపుడు చోదకుడు ఇతర సాధనములను ఆశ్రయించును. సందేహమున్న దస్త్రముపై సంతకము చేయని అధికారివంటిది ఈ నియమము. ప్రాణములకు అపాయము లేదు, కాని పని ఆగును. బుడగలు విరివిగా లేచు రాత్రులయందు పని ఎన్నిమార్లు ఆగునో, దానినిబట్టియే ఇంత శ్రమపడి కట్టిన వ్యవస్థ విలువ తేలును.

ఆ రాత్రులు ఏవి? మన రేఖాంశమున మార్చి, ఏప్రిల్ నెలలును, సెప్టెంబరు, అక్టోబరు నెలలును ముఖ్యము. ఆ దినములలో సంధ్యారేఖ అయస్కాంత దారములకు ఇంచుమించు సమాంతరముగా వచ్చి, ఒకే దారపు రెండు కొనలయొద్దను ఒక్కసారిగా చీకటి పడును. సూర్యునిపై మచ్చలు మిక్కుటముగానున్న సంవత్సరములలో ఇవి ఇంకను హెచ్చు. ఢిల్లీకి ఈ బెడద అరుదు, కారణము సులభము. బుడగ భూమధ్యరేఖపై ఎంత ఎత్తునకు లేచిన, దాని దారములు అంత దూరమున ఇరుప్రక్కల దిగును. గాదంకి ఆకాశమును చేరుటకు అది నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తునకు లేచిన చాలును. ఢిల్లీ ఆకాశమును చేరవలెనన్న వేయి కిలోమీటర్లకు బాగుగా మించవలెను. సూర్యుడు తీవ్రముగానున్న ఏండ్లలో కొన్ని బుడగలు అంతకును లేచును.

ఋతువు తెలిసినది, సంవత్సరము తెలిసినది. అయినను నేటి రాత్రి బుడగ లేచునా లేవదా యని మధ్యాహ్నముననే చెప్పుట నేటికిని శాస్త్రజ్ఞులకు సాధ్యపడలేదు. ఈ శాస్త్రమంతటికిని చిక్కుముడి ఇదియే. ఒకే మార్చినెలలో, ఒకే సూర్యునిక్రింద, సోమవారము బుడగలు లేచును. మంగళవారము ఆకాశము నిశ్చలముగానుండును. గ్లాసు తలక్రిందులైనదని తెలియును. మొదటి ముడుతను ఎవరు వేసిరో తెలియదు. క్రింద ఉరుములమేఘములనుండి లేచిన గాలి అలలు వంద కిలోమీటర్లు పైకి ప్రాకి ఆ ముడుతను వేయుచున్నవని కొందరు తలచుచున్నారు. సంధ్యవేళ పొర ఎంత ఎత్తునకు లేచినదనునదియే ప్రధానమని కొందరు, ఉత్తరదక్షిణముల వీచు గాలి దానిని అణచుచున్నదని మరికొందరు వాదింతురు. ఇన్ని మాటలలో ఏది ఎంత నిజమో తేల్చుటకు క్రింది గాలిని, పై ప్లాస్మాను ఒక్క చోటనుండి చూడగల సాధనము కావలెను. గాదంకిలో అట్టిది కలదు. గాలులకొరకే కట్టితిమనిన రాడారునకు ఈ పని విడ్డూరముగా అమరినది.

ఇదే అస్థిరత్వము వేరొక రూపమున మానవుని మరియొక ఆశకు అడ్డుపడుచున్నది. సూర్యునిలోవలె తేలిక పరమాణువులను కలిపి శక్తిని పుట్టింపవలెనన్న, పది కోట్ల డిగ్రీల ప్లాస్మాను అయస్కాంత దారములతో అల్లిన వడమాలవంటి పంజరమున బంధింపవలెను. ఆ పంజరమున పుట్టు కల్లోలము వేడిని బయటికి కారవైచును. మన దేశమున ఈ శాస్త్రమునకు మూలపురుషులలో ఒకరైన ప్రేధిమన్ కృష్ణ కావ్‌గారు ఇదే ఢిల్లీలో, హౌజ్‌ఖాస్‌నందలి ఐ.ఐ.టి.లో 1966లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆ సంస్థకు తొలి డాక్టరేటు పొందిరి. వారి నాయకత్వమున గాంధీనగరునందలి ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో ఆదిత్య యను యంత్రము నడచినది. ఆ యంత్రపు అంచునందలి కల్లోలము సమముగా కారుటలేదనియు, విడివిడి దెబ్బలుగా వచ్చుచున్నదనియు 1992లో అచటి శాస్త్రజ్ఞులు చూపిరి. కావ్‌గారు 2017లో కీర్తిశేషులైరి. ఆకాశమునందలి బుడగలును, ఆ దెబ్బలును ఒకే కుటుంబమునకు చెందినవే.

లక్ష్మీనగరు నేడు పరీక్షల శిక్షణకు పేరుపొందిన పేట. చార్టర్డ్ అకౌంటెంట్ల పరీక్షకు చదువు బాలబాలికలతో ఇచటి మేడలు నిండియున్నవి. లెక్కలలో పైసా తేడా వచ్చిన రాత్రి తెల్లవార్లు వెదకు ఓపిక వారికి కలదు. ఆకాశమున మార్చి నెల రాత్రి ఒకటి లెక్కకు వచ్చినది, మరునాటి రాత్రి రాలేదు. ఆ తేడా నేటికిని తేలలేదు. దానిని తేల్చుటకు కావలసినదియు అట్టి ఓపికయే. వేసవి సెలవులకు తిరుపతి పోవు కుటుంబములు స్వామి దర్శనమైన పిమ్మట చిత్తూరు త్రోవను పోవుచు, పొలము మధ్య బారులుతీరిన ఆ ఇనుపకొమ్మలను దూరమునుండియైన పిల్లలకు చూపవచ్చును. నాన్నా, ఇవి ఏమిటియని వారడిగిన, నిన్నటి రాత్రి ఆకాశమున ఏమి జరిగెనో కొలుచుచున్నవి, రేపటి రాత్రి ఏమి జరుగునో మాత్రము ఇంకను చెప్పలేకున్నవి అని ఉత్తరమీయవచ్చును. మిగిలిన సగము ఆ పిల్లలలో ఎవరైన పూరింతురుగాక.